రెండు చేతులు పడ్డ శాలువా

కూతురు కాపా పాలు పితకడానికి డెయిరీకి వెళ్ళగానే ఉస్తీన్యా ఆమె అల్లుతున్న శాలువాను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. అల్లికవాళ్ళ సంఘం పరీక్షగా అల్లిన శాలువా చూసి ఈ ఏడాది ఒక్కరినే చేర్చుకుంటుందట. చేర్చుకోకపోతే కాపా ఓర్స్క్ పట్నం పోయి కుట్టుమిల్లులో చేరుతుంది. ఆ పొగ, ఆ హాస్టలు, ముక్కూ మొహం తెలియని మనుషులు... ఉస్తీన్యాకు ఆ ఊహే గిట్టదు.

అప్పటికి పడిన ఒకే ఒక్క పువ్వు పక్కకు ఒరిగినట్టుంది. నిజంగా ఒరిగిందా, తన కళ్ళకే అలా ఉందా? అడిగితే పిల్ల అలుగుతుంది. అడక్కుండానే పదిహేడు వరసలు విప్పేసింది. మేకనూగు దారం ఒకదాన్నొకటి పట్టుకుని విడిపోనంటే గోటితో మెల్లగా విడదీసి, పువ్వును నిటారుగా నిలబెట్టి, మళ్ళీ అదే వరస దాకా అల్లి, సూదులు ఎక్కడివక్కడ పెట్టింది.

వారం తర్వాత కాపా శాలువా ముగించింది. ఉతికి, అంచున పళ్ళలా ఉన్న కొసల్లోంచి తాడు దూర్చి, ఆరడానికి చట్రానికి లాగి కట్టింది. కట్టిన కాసేపటికే సంఘం పెద్ద అగ్రిప్పీనా వచ్చింది.

"ఎంత సన్నగా ఉందో ఉంగరంలోంచి దూర్చి చూపించనా అక్కా?" అంది ఉస్తీన్యా.

"గట్టిగా లాగితే గోనెసంచీ అయినా దూరుతుందిలేవే. పక్కకు జరుగు."

అగ్రిప్పీనా వెలుతురుకు ఎదురుగా నిలబడి చాలాసేపు చూసింది.

"ఇందులో రెండు చేతులున్నాయి. పైనా కిందా బిగువు ఒక్కటే. మధ్యలో ఈ బెత్తెడు మాత్రం సడలిపోయింది. ఇది ముసలి చెయ్యి. మిగతాది చూస్తే నాకే కుళ్ళుగా ఉంది. ఎవరిదే ఆ రెండో చెయ్యి?"

కాపా తల్లి మొహంలోకి చూసింది. అర్థమైపోయింది.

"అంతా మా అమ్మదే పెద్దమ్మా," అంది విసురుగా. "నాకు అల్లడం రాదు."

"అబద్ధం అక్కా! పువ్వు ఒరిగిపోయిందని నేనే విప్పి..."

"ఒరగాలే పిచ్చిదానా!" అంది అగ్రిప్పీనా. "చూడు, మిగతా మూడు పువ్వులూ నడిమి వైపే ఒరిగాయి. నువ్వు నిలబెట్టిన ఈ ఒక్కటే వంకర."

ఉస్తీన్యా చూసింది. మూడూ ఒరిగే ఉన్నాయి. ఎంత అందంగా ఒరిగాయో!

"పిల్ల పనితనం నాకు తెలుస్తోందమ్మా," అంది అగ్రిప్పీనా, గొంతు తగ్గించి. "కానీ పరీక్ష శాలువా మీద ఇంకో చెయ్యి పడితే సంఘం ముట్టుకోదు. వచ్చే ఏడాది చూద్దాం."

వచ్చే ఏడాది దాకా కాపా ఆగలేదు. ఆ ఆదివారమే ఓర్స్క్ పోతానని పెట్టె సర్దుకుంది. శాలువా చట్రం మీదే ఉంది. దాని వైపు చూడనైనా చూడలేదు.

"బస్సు దాకా వస్తానే తల్లీ. తప్పు బస్సు ఎక్కేస్తే..."

"రావద్దమ్మా," అంది కాపా, గడప దాటుతూ. "సరైన బస్సే ఎక్కుతాను. నువ్వొస్తే అందులోంచీ దింపేస్తావు."