ఆ కాఫీ కస్టమర్లది

వాచీలు బాగుచేసే ఆ షాపులో అన్నదమ్ములిద్దరూ పక్కపక్క బల్లల దగ్గర పనిచేస్తారు. ఒకప్పుడు ఇద్దరి మధ్య అరమరికలు ఉండేవి కావు. ఈ మధ్య మాత్రం అన్నగారు తన సొరుగుకి తాళం వేసుకుంటున్నారు. చేతులు కడుక్కోవడానికి లేచినా తాళంచెవి జేబులో వేసుకునే లేస్తున్నారు. చదువరులారా, తోడబుట్టినవాడి ఎదుట సొరుగుకి తాళం పడిందంటే ఆ ఇంటికి ఏదో చీడ పట్టినట్టే.

దీనికంతటికీ మూలం ఒక ట్వీజర్, అంటే సన్నమొనల పట్టకారు. నువ్వుగింజలో సగం ఉండే స్క్రూలను దానితోనే ఎత్తి వాటి చోట పెట్టాలి. ఏళ్ల తరబడి చెప్పినట్టు విన్న ఆ పనిముట్టు ఉన్నట్టుండి మొరాయించింది. స్క్రూ అందినట్టే అంది చటుక్కున ఎగిరి ఎక్కడో పడేది.

"నా ట్వీజర్ మార్చేశావు కదరా?" అన్నారు అన్నగారు ఒకరోజు, ఉండబట్టలేక.

తమ్ముడు తెల్లబోయాడు. "అదేం మాటన్నయ్యా! నాది నాకుంది. నీది నాకెందుకు?"

"మరి మొన్నటిదాకా బాగున్నది ఇవాళ ఎందుకు జారుతోంది? దెయ్యం పట్టిందా?"

పాతదాన్ని తమ్ముడి బల్ల మీదకి విసిరేసి కొత్తది కొన్నారు. కొన్నాళ్లకే అదీ జారడం మొదలుపెట్టింది. దాన్నీ మార్చేశాడని తీర్మానించుకుని సొరుగుకి తాళం తగిలించారు.

ఇంత చిరాకులోనూ ఎవరైనా వాచీ పట్టుకుని వస్తే ముఖం నిండా నవ్వు పులుముకుని పక్క కొట్టుకి రెండు కాఫీలు చెప్పేవారు. వచ్చినవాళ్లకి కాఫీ ఇవ్వడం, వాళ్లతోపాటు తానూ తాగడం ఆయన పెట్టుకున్న మర్యాద. ఎదుటి మనిషి ఒక్కడే తాగుతుంటే చూస్తూ కూర్చోవడం ఏం బాగుంటుందని ఆయన వాదన.

ఇంట్లో వరస వేరు. సెలవురోజు మధ్యాహ్నం అయ్యేసరికి ఆయనకి తల పగిలిపోయేది. కిటికీ తెరిస్తే కసురుకునేవారు, మూస్తే కసురుకునేవారు. కొత్త సబ్బు వాసన పడట్లేదన్నారు. ఆ తర్వాత గోడల రంగు మీద పడ్డారు. చివరికి వ్యవహారం భార్య వంట దాకా వచ్చింది.

"కూరలో ఏం కలుపుతున్నావు? నిజం చెప్పు."

"విషం!" అని మండిపడిందావిడ. "షాపులో హుషారు, ఇంట్లో తలనొప్పి. అక్కడ ఎవరున్నారేమిటండీ మీకు?"

చూశారా! అనుమానం ఒక మనిషితో ఆగదు. ఇప్పుడు ఆవిడకీ అంటుకుంది.

తరువాతి సెలవునాడు మిగిలిన పని చేసుకోవాలని తమ్ముడు ఒక్కడే షాపు తెరిచాడు. వాడేం మార్చేస్తున్నాడో కళ్లారా చూడాలని అన్నగారు తలకి గుడ్డ కట్టుకుని బయలుదేరారు. ఈయన ఎవరి దగ్గరికి పోతున్నారో చూడాలని ఆవిడ వెనకాలే నడిచింది.

షాపులో తమ్ముడి పక్కన ఒక సంచీ ఉంది.

"అందులో ఏం సర్దావురా?"

"నా సామాన్లే. ఈ ఒక్క వాచీ అయిపోతే వెళ్లిపోతాను. దొంగ అనిపించుకుంటూ నీ పక్కన కూర్చోలేనన్నయ్యా." ఆ మాటంటున్నా తమ్ముడి చేయి వణకలేదు. ఆ చేతిలో ఉన్నది అన్నగారు విసిరేసిన పాత ట్వీజరే. స్క్రూ చక్కగా వెళ్లి దాని చోట కూర్చుంది.

అన్నగారు దాన్ని లాక్కుని తానే ఇంకో స్క్రూ ఎత్తారు. అది ఎగిరిపోయింది.

"ఆ చేయి చూడండి, ఎలా వణుకుతోందో!" అంది గుమ్మంలోంచి ఆయన భార్య. "ఎవరినో పట్టుకుందామని నేను వెనకాలే వస్తే, మీరు వీధి చివర నిలబడి ఒకదాని మీద ఒకటి మూడు కాఫీలు తాగారు. దాంతో తలనొప్పి పోయి కట్టుకున్న గుడ్డ కూడా విప్పేశారు. రోజుకి ఒక్కటే తాగుతానంటారే?"

"ఒక్కటేమిటి వదినా? వచ్చిన ప్రతివాళ్లతోనూ తాగుతాడు," అన్నాడు తమ్ముడు.

"అవి కస్టమర్లవి!" అని అరిచారు అన్నగారు.

"ఇందాక వీధి చివర కస్టమర్ ఎవరండీ?"

ఆయనకి మొన్న వాన కురిసి ఎవరూ రాని రోజు గుర్తొచ్చింది. చూరు కింద నిలబడ్డ ఎవరినో బతిమాలి లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, రెండు కాఫీలు తెప్పించారు. పాపం, అతని చేతికి వాచీయే లేదు. మరి ఆ మర్యాద ఎవరికి చేసినట్టు? సిగ్గుతో ఆయన తల వాలిపోయింది.

"వెళ్లకురా," అన్నారు. "నిన్ను దొంగన్న నోరిది. నాలుగు తిట్టు, పడతాను. వెళ్లకు."

తమ్ముడు సంచీ ముట్టుకోలేదు. "డాక్టరు దగ్గరికి వస్తావా?"

"వస్తాను. ఒక్కసారిగా మానడం నావల్ల కాదురా. మెల్లగా తగ్గిస్తాను. నేను సాకులు చెబితే మాత్రం ఊరుకోకు."

తమ్ముడు సంచీ విప్పి సామాన్లు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టుకోసాగాడు.

కాఫీ తాగడం తప్పని ఇక్కడ ఎవరూ అనడం లేదు. కానీ ఏ అలవాటు కోసం మనం సాకులు వెతుక్కుంటామో, ఏది అందకపోతే అయినవాళ్ల మీద విరుచుకుపడతామో, అందరికంటే ముందు అనుమానించవలసింది దాన్నే.