క్యారియర్

"ఇంట్ల బియ్యం చెరిగెటందుకు తీరదు గని, ఇసుక జల్లిస్తాంది జూడు!" అంది దుర్గమ్మ, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని.

కోడలు వినోద జల్లెడ ఆడిస్తూనే ఉంది. పక్కింటివాళ్లు కొత్త గది కోసం పోయించుకున్న ఇసుకలోంచి నాలుగు దోసిళ్లు అడిగి తెచ్చుకుంది. జల్లిస్తున్నది పిండి జల్లెడతోనని అత్త ఇంకా కనిపెట్టలేదు, అదే పదివేలు. భర్త నారాయణ పాత ప్యాంటు కాలు కత్తిరించి కుట్టిన సంచీలో ఆ ఇసుక నింపాలి. సరిగ్గా ముప్పావు కిలో. కిందటి నెల దాకా అర కిలోనే. తమ్ముడు బాలేష్ కాలికి దాన్ని కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి కాలు ఎత్తించాలి. శామీర్‌పేటలో రేడియోలు, సెల్‌ఫోన్లు బాగుచేసుకుని బతికే బాలేష్‌కు పుట్టుకతోనే హిమోఫీలియా. వాడికి నెత్తురు తొందరగా గడ్డకట్టదు. దెబ్బ తగలకపోయినా ఒక్కోసారి మోకాలి లోపలే నెత్తురు ఊరి, కాలు గుమ్మడికాయంత అవుతుంది. ఇరవై ఏళ్లపాటు ఏ డాక్టరును అడిగినా కదలొద్దనే అన్నాడు. కదలక కదలక వాడి తొడలు పుల్లలయ్యాయి. ఇప్పుడేమో కండ గట్టిగా ఉంటేనే కీలును కాస్తుంది, కొద్దికొద్దిగా బరువులెత్తించండి అంటున్నారు. ఆ ముక్కేదో ముందే చెప్పి ఉంటే వాడిని ఏడో తరగతి దాకా వీపున మోసుకుని బడికి తీసుకెళ్లే పని ఆమెకు తప్పేది కదా!

ఆదివారం ఆదివారం వాడిని బస్సెక్కించి పట్నంలో ఆస్పత్రికి తీసుకుపోతుంది. మేడ మీద హాల్లో ఏడెనిమిది మంది మగవాళ్లు చాపల మీద కాళ్లెత్తుతూ దించుతూ ఉంటారు. గోడ వారగా వాళ్ల తల్లులు, పెళ్లాలు, అక్కలు సంచులు ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంటారు. వాళ్లను అటెండెంట్లంటారు. వాళ్లకో కుర్చీ వేయాలని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు.

వినోదకు ఏ జబ్బూ లేదు. ఆమె క్యారియర్, అంతే. జబ్బును కడుపున పుట్టేవాళ్లకు మోసుకెళ్తుందే తప్ప తనకు రాదని, పెళ్లికి ముందు డాక్టరు వాళ్లమ్మకు చెప్పిన మాట అది. పాపం ఆ తల్లి ఏదీ దాచకుండా, తనకు అర్థమైనంత పెళ్లిచూపుల్లోనే చెప్పేసింది. "మా పిలగానికి నెత్తురు జబ్బు గని, మా పిల్లకేం లేదమ్మా. గామె క్యారియర్ అంట." దుర్గమ్మకు తెలిసిన క్యారియర్ ఒక్కటే, నాలుగు గిన్నెల స్టీలుది. "ఇంకేం! నా కొడుకుకు పొద్దుగాల డబ్బ గట్టిస్తది," అంది. అందరూ పడీపడీ నవ్వారు. పదకొండేళ్లుగా నారాయణ ముచ్చటపడి పిలిచే పేరు అదే. "ఓ క్యారియర్, బువ్వయిందా?"

నారాయణ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. అదెంత అదృష్టమో వాడకట్టు ఆడవాళ్లు ఆమెకు రోజూ గుర్తు చేస్తుంటారు. చెయ్యెత్తనివాడు గనకే ఆమె చేతుల మీద నీలం మచ్చలంటే అతనికి మహా ఇబ్బంది. "మంది జూస్తే నేనే గొడ్తున్న అనుకుంటరు. పొడుగు చేతుల జాకెట్టు దొడుక్కోరాదు?" అన్నాడు. రోహిణి ఎండల్లో కూడా తొడుక్కుంది. నెలనెలా తొమ్మిదేసి రోజులు నెత్తురు పోతుంటే, "మాకు రాలేదా, మేం గనలేదా? గింత నాజూకుతనం యాడ నేర్సినవే?" అంది అత్త. తుర్కపల్లిలో ఆమె గాజు సీసాలు కడిగే మందుల కంపెనీలో సూపర్‌వైజరైతే, సెలవు చీటీ చూసి, "ప్రతి నెలా ఇదే కథనా?" అని నలుగురు వినేలా నవ్వాడు. ఆ తర్వాత ఆమె సెలవడగలేదు. నల్లచీర కట్టుకుని, లోపల రెండేసి గుడ్డలు పెట్టుకుని నిలబడింది. పన్ను పీకించుకుంటే రెండు రోజులు నెత్తురాగలేదు. పన్ను డాక్టరుకు పని రాదనుకుంది. కారిన ప్రతిసారీ ఏదో ఒక వంక మీదికి తోసేసిందే గాని, లోపం తన నెత్తురులోనే ఉందేమోనని ఒక్కనాడూ అనుకోలేదు.

ఆ ఆదివారం ఇసుక సంచీలు, అన్నం డబ్బా మోసుకుని మెట్లెక్కుతుంటే, కసరత్తు నేర్పే క్రిస్టీనా పైనుంచి చూసింది.

"అక్కా, కుంటుతున్నరేంది?"

"నీళ్ల బిందె ఎత్తిన, పట్టింది. మూడు దినాలాయె."

క్రిస్టీనా ఆమెను కూర్చోబెట్టి మోకాలు తడిమింది. వాచి, వెచ్చగా ఉంది. బహిష్టు ఎన్ని రోజులు, కమిలిన మచ్చలు ఎన్నాళ్లుంటాయి, పన్ను పీకించుకుంటే ఏమైంది అంటూ ఒకదాని మీద ఒకటి అడిగింది. వినోదకు సిగ్గు ముంచుకొచ్చింది.

"గివన్ని నాకెందుకు మేడం? జబ్బు మా తమ్మునిది. నేను క్యారియర్‌ను."

"క్యారియర్ అంటే డబ్బా కాదక్కా. డబ్బాకు నెత్తురు కారదు. మీకు కారుతున్నది."

ఆ రోజు చేయించిన నెత్తురు పరీక్ష ఫలితం మూడు వారాలకు వచ్చింది. నెత్తురును గడ్డకట్టించే పదార్థం నూటికి యాభైకి పైన ఉండాల్సింది, ఆమెకు పద్దెనిమిదే ఉంది. "మీకూ హిమోఫీలియా ఉందమ్మా. తీవ్రమైంది కాదు గాని, ఉంది," అన్నాడు డాక్టరు. వినోద మెట్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. భయపడి కాదు. తను సోమరిది కాదు! నాజూకుది కాదు! ఇన్నేళ్లూ తన ఒళ్లు నిజమే చెప్పింది, తనే నమ్మలేదు.

క్రిస్టీనా పక్కన కూర్చుని భుజం నిమిరింది. "వాపు పోయింది గద, వచ్చే ఆదివారం నుంచి మీకూ ఒక చాప ఏస్త. అర కిలోతోని మొదలు. ఎత్తాలె, పది లెక్కవెట్టాలె, దించాలె. దించినంక ఊపిరి తీస్కోవాలె. నొప్పి లేస్తే ఆడికే ఆపాలె. ఎవ్వరేమన్నా సరే."

తిరుగు బస్సులో బాలేష్ కిటికీ పక్కన కూర్చున్నాడు. "నువ్వు గూడ పండుకుంటే మరి నన్నెవలు జూస్తరక్కా?" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. అందరి మాటలూ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. "నీకెట్లుందని అడగవారా?" అంది వినోద. దిగే ముందు వాడు సంచీ ఆమె చేతిలోంచి లాక్కుని భుజాన వేసుకున్నాడు.

దేవరయాంజాల్‌లో ఇల్లు చేరేసరికి నారాయణ టీవీ ముందు, దుర్గమ్మ వెల్లుల్లి ఒలుస్తూ ఉన్నారు. వినోద పరీక్ష కాగితం ఇచ్చింది. నారాయణ మూడుసార్లు చదివాడు. అతనికి భయమేసిందని మొహం చూస్తేనే తెలుస్తోంది. నోటికి మాత్రం అలవాటైన మాటే వచ్చింది.

"మందులేమన్న ఉంటే తెస్త. గని కసరత్తెందుకే నీకు? పొద్దుందాక బిందెలెత్తుతవు, బట్టలు పిండుతవు. గది కసరత్తు గాదా? ఆదివారం పొద్దుగాల నువ్వు వోయి ఆడ పండుకుంటే, ఈడ బువ్వెవలు వండాలె?"

అప్పటికే చీర మార్చుకుని, తడిబట్టల బకెట్టు ఎత్తి పెరట్లోకి నడుస్తున్న వినోద ఆగింది. బకెట్టును నడింట్లో దించింది. నీళ్లు గచ్చు మీద చిందాయి.

"గది కసరత్తు గాదు. కసరత్తుల ఎత్తుమన్నోళ్లే దించుమంటరు. నొప్పి లేస్తే ఆపుమంటరు. పదకొండేండ్లాయె నేనీ ఇంటికి వచ్చి. ఒక్కసారన్న, ఎవలన్న, నన్ను దించుమన్నరా?"

నారాయణ టీవీ కట్టేశాడు. తల్లి వైపు తిరిగాడు.

"ఆదివారం నేను వోత. బువ్వ మీరు వండుకోండ్రి," అంది వినోద. మేం జెయ్యలేదా, మేం మొయ్యలేదా అని అత్త ఇక అందుకుంటుందని కాచుకుని నిలబడింది.

దుర్గమ్మ వెల్లుల్లి పక్కన పెట్టింది. చీర కొంచెం పైకి జరిపి, వంకరపోయిన తన రెండు మోకాళ్లను రెండు చేతులతో పట్టుకుంది.

"నలభై ఏండ్లాయె బిడ్డా," అంది. "నన్ను సుత ఎవలు దించుమనలే."