ఎర్ర చలికాలం

యశోద ఇంట్లో గ్యాస్ సిలిండరుకు పావడా ఉంది. టీవీ రిమోటుకు చొక్కా ఉంది, మంచినీళ్ళ సీసాకు లాగు ఉంది. దూడ మెడలో గంటకు టోపీ కూడా ఉండేది గానీ, టోపీ పెట్టాక గంట మోగడం మానేసి దూడ రెండుసార్లు తప్పిపోయింది. అప్పుడు అత్తగారు రాజ్యలక్ష్మమ్మ దాన్ని పీకి పారేసింది. అన్నీ ఊలుతో అల్లినవే. మధ్యాహ్నం పూట రోడ్డు మీది తారు చెప్పుకు అంటుకునే గురజాల వైపు పల్లెలో, ఊలు అల్లే మనిషి ఎవరయ్యా అంటే ఆ ఒక్క యశోదే.

ఆ పిచ్చి ఆవిడకు ఊరికే పట్టలేదు. ఏడేళ్ళ కిందట కూతురు శ్రీలేఖ కడుపున పడ్డప్పుడు, మంచం దిగడానికి వీల్లేదని నరసరావుపేటలో డాక్టరమ్మ రెండు నెలలు ఆస్పత్రిలో పడుకోబెట్టింది. తోట పని, పాల పని, పొయ్యి పని చేసిన ఒళ్ళు, పడుకుంటే ఊరుకుంటుందా! రోజూ ఏడుపే. అక్కడి నర్సు కృపావరమ్మ చూసి చూసి, రెండు సూదులూ ఒక ఊలు ఉండా తెచ్చి చేతిలో పెట్టింది. "కదలొద్దంది కాళ్ళని. చేతులు ఏం పాపం చేసినయ్యమ్మా?" అంది. అంతే. బిడ్డ పుట్టేసరికి పదకొండు జతల మేజోళ్ళు తయారు. పుట్టింది ఏప్రిల్ నెలలో. ఒక్క జతయినా తొడగలేదు.

ఆ బిడ్డ ఇప్పుడు రెండో తరగతి. ముందు పళ్ళు రెండూ ఊడాయి. గొంతు మాత్రం కల్లంలో పిలిస్తే కాలవ అవతలికి వినపడుతుంది. అంత గొంతున్న పిల్లకు బడి వార్షికోత్సవంలో ఏనాడూ మాట దక్కలేదు. మొదటి ఏడు బండరాయి వేషం ఇచ్చారు. రెండో ఏడు చెట్టు. మూడో ఏడు మళ్ళీ చెట్టే, కాకపోతే కొమ్మలు ఎక్కువ. ఇంటికొచ్చి ఆ పిల్ల గోడ వైపు తిరిగి, "చెట్లు మాట్లాడవంటమ్మా" అన్న సంగతి యశోద మరిచిపోలేదు.

ఈ ఏడు రుతువుల నాటకం. చివరి వరసకు వినపడేట్టు ఎవరు అరుస్తారని దేవిక టీచరు అడిగిందట. శ్రీలేఖ అరిచింది. ఆ కేకకు హెడ్మాస్టరు ఏమైందోనని గదిలోంచి బయటకొచ్చాడు. చలికాలం వేషం ఆ పిల్లకే ఇచ్చారు. నాలుగు మాటలు చెప్పాలి. నాలుగంటే నాలుగు!

"వేషం లేఖదేనండీ," అంది టీచరు గేటు దగ్గర యశోదతో. "కాకపోతే ఊలు బట్టలు ఉండాల్సిందే. వచ్చే వారం శనివారం సాయంత్రం ప్రోగ్రాం. అప్పటికి లేకపోతే సింధుకి ఇచ్చేస్తాను, ఏమీ అనుకోవద్దు. ఆ పాపకి ఊటీలో కొన్న కోటు ఉంది."

సింధు అంటే బజార్లో కిరాణా కొట్టు శ్రీమన్నారాయణ గారి మనవరాలు. ఆ నాలుగు మాటలూ అప్పుడే బట్టీ పట్టేసిందట కూడా.

"మా అమ్మ అల్లుద్ది!" అని శ్రీలేఖ గేటు మోగేలా చెప్పింది. "మా అమ్మ సిలిండరుకే అల్లింది!"

మర్నాడే యశోద బస్సెక్కి నరసరావుపేట పోయింది. ఫ్యాన్సీ కొట్టాయన కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"మార్చి నెలలో ఊలేందమ్మా? విసనకర్ర అడుగు, ఇస్తా."

"ఉందా లేదా చెప్పన్నా."

అటక మీద వెతగ్గా వెతగ్గా ఒక సంచీ దొరికింది. అన్నీ ఎరుపే. తెలుపు లేదు, నీలం లేదు. చలికాలానికి ఎరుపేమిటని యశోద దారి పొడుగునా దిగులుపడింది గానీ, శ్రీలేఖ సంచీ చూసి గెంతులేసింది. "మన మిరపకాయల రంగే!"

ఆ మాట ఊరికే అనలేదు. కల్లం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. భర్త వెంకటేష్ దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీకి పోతాడు, కాబట్టి కల్లం కాపలా అత్తాకోడళ్ళదే. పొద్దున్నే పట్టా తీయాలి, కాయలు తిరగేయాలి, తెల్లబారిన తాలు కాయలు ఏరాలి, మబ్బు పడితే పరుగున పట్టా కప్పాలి. ఈ పనుల నడుమ యశోద రాశి పక్కనే పీట వేసుకుని సూదులు తీసింది.

పదకొండు రోజులుంది గడువు. బడి వదలగానే శ్రీలేఖ కూడా కల్లంలోనే. అదే వచ్చిన చిక్కు.

"అమ్మా, చలికాలం ఆడదా, మగాడా?"

"నలభై రెండు, నలభై మూడు..."

"అమ్మా, మంచు పడితే మిరపకాయలు ఏమవుతాయి?"

"నలభై ఏడు. గమ్మునుండవే, లెక్క పోద్ది. నలభై... నలభై ఎంత?"

"మంచు పడితేనమ్మా?"

"ఒసేయ్!" అని సూది ఎత్తేది యశోద. అందుకోమన్నట్టు పిల్ల రాశి చుట్టూ పరుగు. వెనక తల్లి. తల్లి చేతిలో అల్లిక. అల్లిక వెనక ఊలు ఉండ దొర్లుకుంటూ పోయి రాశిలోకి దూరేది. ఎర్ర రాశిలో ఎర్ర ఉండ, ఎక్కడని వెతకాలి! యశోద, పిల్ల, తొడిమలు తీయడానికొచ్చిన జాన్‌బీ ముగ్గురూ మోకాళ్ళ మీద కూర్చుని దారం పట్టుకుని కాయలు తోడుకుంటూ పోయేవాళ్ళు.

"దొరికింది వదినా!" అని జాన్‌బీ ఒకసారి కేకేసి, చేతిలోది పైకెత్తి చూసుకుంది. "అయ్యో, ఇది కాయే."

రాజ్యలక్ష్మమ్మ కుర్చీలోంచి ఇదంతా చూసి తల పట్టుకునేది. "మిరపకాయలకు కాపలా పెడితే మిరపకాయల్లో ఈతలు కొడుతున్నారు. ఈ ఎండకు స్వెట్టరేందే, నాకు చూస్తుంటేనే చెమట్లు పడతన్నయి!"

అంత గోల జరిగినా ఒక్కరికీ తుమ్ము రాలేదు. అదీ ఆ ఇంటి సంగతి. ఏళ్ళ తరబడి ఆ ఘాటులోనే బతికిన ముక్కులు వాళ్ళవి. పట్నం నుంచి చుట్టాలొస్తే గుమ్మంలోనే తుమ్మడం మొదలుపెడతారు. ఆ ఇంటివాళ్ళు, "అయ్యో, జలుబు చేసిందా?" అని అడిగి శొంఠి కాఫీ ఇస్తారు. యశోద పెళ్ళికి ఈ ఇంట్లోనే తీసిన వీడియోలో కూడా మగపెళ్ళివారు కులాసాగా ఉంటారు, ఆడపెళ్ళివారు కళ్ళు తుడుచుకుంటూ ఉంటారు. చూసినవాళ్ళు పిల్లను పంపుతున్నందుకు ఏడుస్తున్నారనుకుంటారు. యశోద పుట్టింటివాళ్ళది పత్తి పొలం మరి.

శనివారం మధ్యాహ్నానికి స్వెట్టరు పూర్తయింది. పూర్తయిందంటే, పూర్తయింది. కుడి చెయ్యి సరిగ్గా మణికట్టు దాకా వచ్చింది. ఎడమ చెయ్యి మోకాలు దాకా పోయింది. ఎన్ని ప్రశ్నలు పడ్డాయో అన్ని వరసలు ఎక్కువ పడ్డాయి ఆ చేతికి.

"ఇదేం చెయ్యే? తొండమా?" అంది అత్తగారు.

యశోద ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. విప్పి అల్లే టైము లేదు. మూడు గంటలకు బడి దగ్గర ఉండాలి.

"మూడు మడతలు పెట్టి పిన్నీసు గుచ్చు వదినా, ఎవరికీ తెలీదు," అంది జాన్‌బీ. "ఒక్కసారి నీళ్ళలో జాడించరాదూ?"

"ఇప్పుడు తడిపితే ఎప్పటికి ఆరుద్ది!" అని యశోద రెండు దులుపులు దులిపి మడిచి సంచిలో పెట్టింది. ఆ దులుపుకు గోడ మీద పిల్లి తుమ్మి దూకి పారిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

బడి ఆవరణలో షామియానా, కుర్చీలు, మైకు. ముందు వరసలో బజారు పెద్దమనుషులు, వాళ్ళ మధ్యలో విజయవాడ నుంచి వచ్చిన ముఖ్య అతిథి. మల్లెపువ్వులాంటి తెల్ల చొక్కా ఆయనది. వెనక వరసల్లో పల్లెల నుంచి వచ్చిన రైతు కుటుంబాలు. యశోద, రాజ్యలక్ష్మమ్మ, జాన్‌బీ వాళ్ళలో కూర్చున్నారు. స్టేజీ పక్కన సింధు ఊటీ కోటు వేసుకుని, చెమటలు కక్కుకుంటూ, ఎందుకైనా మంచిదని నిలబడే ఉంది.

ఎండాకాలం వచ్చి అట్టసూర్యుణ్ణి పట్టుకుని పాడి పక్కకు జరిగింది. వానాకాలం గొడుగు తిప్పి పక్కకు జరిగింది. అప్పుడొచ్చింది చలికాలం, ఎర్రగా, ఉబ్బుగా, తల మీద ఎర్ర టోపీతో. యశోద రెండు చేతులూ ఒడిలో బిగించుకుంది.

"నేను చలికాలాన్ని!"

మైకు అక్కర్లేకుండానే షామియానా అదిరింది. వెనక వరసలు చప్పట్లు కొట్టాయి. ఆ ఊపులో పిల్ల ఎడమ చెయ్యి పైకెత్తింది. పిన్నీసు టప్పున ఊడింది. మడతలు ఒకటి, రెండు, మూడు విడిపోయి ఆ చెయ్యి జారి మోకాలి దాకా వేలాడింది.

జనం గొల్లున నవ్వారు. యశోద కళ్ళు మూసుకుంది. అయిపోయింది, బండరాయే నయమంటుంది ఇక పిల్ల, అనుకుంది. పక్కన సింధు కోటు గుండీలు సర్దుకుని ఒక అడుగు ముందుకేసింది కూడా.

శ్రీలేఖ ఆ చేతి వంక చూసుకుంది. జనం వంక చూసింది. తర్వాత ఆ చేతిని గిరగిరా తిప్పడం మొదలుపెట్టింది.

"ఇది చలిగాలి!" అని అరిచింది.

ఆ మాట టీచరు రాసిన నాలుగింటిలో లేదు. గాలి మాత్రం బ్రహ్మాండంగా వీచింది. ముందు ఎండాకాలం తుమ్మింది, అట్టసూర్యుడు కిందపడ్డాడు. వానాకాలం తుమ్మి గొడుగు వదిలేసింది. పక్కన సింధు ఒకటే తుమ్ము. మైకు పట్టుకున్న దేవిక టీచరు మైకులోకే తుమ్మింది, అది బజారు దాకా వినపడింది. అక్కణ్ణుంచి ముందు వరస అందుకుంది. కిరాణా కొట్టు శ్రీమన్నారాయణ గారు మొదలుపెట్టి పక్కాయనకు అందించారు, ఆయన ఆ పక్కాయనకు. ముఖ్య అతిథి గారు ఆపకుండా తొమ్మిది తుమ్మారు.

పిల్ల ఒక్కతీ నిబ్బరంగా నిలబడి రెండో మాట చెప్పింది. "నేనొచ్చానంటే ముక్కులు ఎర్రబడతాయి!"

నిజంగానే ఎర్రబడ్డాయి. జనానికి నవ్వాగలేదు. "ఎట్టా నేర్పిచ్చారో చూడు, అందరూ సరిగ్గా టైముకి తుమ్ముతున్నారు!" అంటున్నాడు వెనక ఎవరో.

జాన్‌బీ నెమ్మదిగా యశోద చెవిలోకి వంగింది. "వదినా. మన కాయలే."

యశోదకు అప్పుడు వెలిగింది. పదకొండు రోజుల రాశి, పదకొండు రోజుల దొర్లుడు, ఆ పొడంతా ఆ ఊలులోనే! ఎర్ర ఊలులో ఎర్ర పొడి ఎవరికి కనపడుద్ది! పోయి పిల్లను దించుకొద్దామని గబుక్కున లేచింది. కొంగు వెనక్కి లాగింది ఎవరో. చూస్తే అత్తగారు.

"కూకో."

"అది కాదత్తమ్మా, పాపం వాళ్ళంతా..."

"కూకోమన్నానా. పిల్లకు ఇంకా రెండు మాటలున్నయి."

యశోద కూర్చుంది. స్టేజీ మీద శ్రీలేఖ ఊడిన పళ్ళ సందులోంచి గాలి పోతూ, "పళ్ళు టకటకలాడతాయి!" అంది. లేని పళ్ళను చూసి జనం ఇంకో విడత పడి పడి నవ్వారు. చివరి మాటకు పిల్ల ఊపిరి బాగా తీసుకుని, ఆ పొడుగు చేతిని ఆఖరిసారి విదిలించి, "అందరూ కప్పుకోండి!" అని ఆజ్ఞ వేసింది.

ముందు వరస మొత్తం చేతిరుమాళ్ళూ కొంగులూ కండువాలూ ముక్కుల మీద కప్పుకుంది.

ఆ చప్పట్లకు షామియానా తాళ్ళు ఊగాయి. ఉత్తమ నటి కప్పు ఎవరికివ్వాలో హెడ్మాస్టరుకు ఆలోచించే పనిలేకపోయింది. కప్పు చేతికిస్తూ ముఖ్య అతిథి గారు, "నా... నా సర్వీసులో ఇంత సహజమైన..." అని మొదలుపెట్టి, వాక్యం తుమ్ముతో ముగించారు.

దిగిన పిల్లను యశోద చంకనెత్తుకుంది. ఏడేళ్ళ పిల్ల, బరువే. అయినా ఎత్తుకుంది. "మండుతుందా తల్లీ మెడకాడ?"

"మండలా. అందరికీ వినపడిందా అమ్మా?"

"బజారు దాకా వినపడింది."

దేవిక టీచరు ఎర్రటి కళ్ళతో వచ్చింది. యశోద తల వంచుకుని ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పేసింది, కల్లం, రాశి, దొర్లిన ఉండ అన్నీ. టీచరు తిడదామనే నోరు తెరిచింది. మధ్యలో తుమ్మొచ్చింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. ఏది ముందు కానివ్వాలో తెలియక కుర్చీలో కూలబడి కడుపు పట్టుకుంది.

మర్నాడు రాజ్యలక్ష్మమ్మ స్వెట్టరును దండెం మీద వేసి కర్రతో నాలుగు బాదింది. వీధి వీధంతా తుమ్మింది. తర్వాత మూడు బకెట్ల నీళ్ళలో జాడించింది. యశోద ఆ పొడుగు చెయ్యి విప్పి సరిచేద్దామని కూర్చుంటే శ్రీలేఖ ఒప్పుకోలేదు. విప్పకూడదట. కుడి చెయ్యి కూడా అంత పొడుగు కావాలట.

"రెండు చేతులతో తిప్పితే ఇంకా గాలి వచ్చుద్ది కదా!"

అంతలో వాకిట్లో స్కూటరు ఆగింది. శ్రీమన్నారాయణ గారు దిగకుండానే చేతిరుమాలు ముక్కుకు కట్టుకున్నారు. వెనక నుంచి సింధు దూకింది, చేతిలో ఊటీ కోటు.

"ఆంటీ, ఇది లేఖకి ఇచ్చేస్తా. నాకూ అట్టాంటిదే అల్లు," అంది. "కల్లంలో కూచునే అల్లాలి. తుమ్ములు రావాలి!"

యశోద సూదులు అందుకుంది. ఎర్ర ఊలు ఇంకా ఒకటిన్నర ఉండ మిగిలింది. పిల్లలిద్దరూ చెరో పక్కన చేరారు.

"ఒకటి, రెండు, మూడు..."

"అమ్మా, మిరపకాయకు చలేస్తుందా?"

"నాలుగు. ఒసేయ్, మళ్ళీ మొదలుపెట్టావా!"