పళ్లెంలో ఇరవై కార్డులు

కాగితాల కట్టను బల్లకేసి తట్టి అంచులు సరిచేస్తుంది, కత్తి కిందికి తోస్తుంది, కళ్లు మూసుకుని పిడి లాగుతుంది. అబిడ్స్ సందులోని ఆ ప్రెస్సులో వీరమ్మ ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని ఇదే. కళ్లు మూసుకునే అలవాటు మాత్రం ఇప్పటికీ పోలేదు.

పొట్టి మనిషి. కళ్లజోడు కాడ విరిగితే దారంతో కట్టుకుంది. వేళ్ల కొసల నిండా కాగితం కోతలు, అన్నంలో పచ్చడి కలుపుకుంటే చురచుర మండుతాయి. నోట్లో నాలుక లేని మనిషని ప్రెస్సులో పేరు. అలాంటి మనిషి దేవుడి పేరు పెట్టి మొగుణ్ని మోసం చేసిందంటే ఎవరు నమ్ముతారు?

అక్టోబరు వచ్చిందంటే ప్రెస్సులో వాగ్దానం కార్డుల పని మొదలవుతుంది. డిసెంబరు ముప్పై ఒకటిన చర్చిలో పళ్లెం నిండా ఈ కార్డులు బోర్లించి పెడతారు. ఒక్కొక్కరూ ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకుంటారు. దాని మీద ఏ వాక్యముంటే అదే ఆ యేడాదికి దేవుడిచ్చిన మాట. వీరమ్మ పుట్టింట్లో తాతల కాలం నుంచీ అంతే.

మొగుడు రాజనర్సు ఆ దారి మనిషి కాడు. నాంపల్లి స్టేషన్‌లో ముప్పయ్యేళ్లు మూటలు మోసినవాడు. ఆదివారం ఆమెను చర్చి దాకా తీసుకొచ్చి, తను గేటు బయటే కూర్చుని పావురాలకు జొన్నలు చల్లేవాడు. లోపలికి రమ్మంటే, "గీడనే మంచిగుందే. లోపల మీరు పాడుతున్నరు, గీడ గివి తింటున్నయ్. రెండూ ఆయన పనే గద!" అనేవాడు. ఆ మాటకు వీరమ్మకు ఒళ్లు మండేది.

పోయిన డిసెంబరులో అతని కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. వీరమ్మ గుండెల్లో రాయి పడింది. ప్రెస్సులో మిగిలిన కార్డుల్లోంచి ఇరవై ఏరి, ఇంటికి తెచ్చి, పళ్లెంలో బోర్లించి అతని ముందు పెట్టింది. ఇరవై కార్డుల మీదా ఒకటే వాక్యం, దీర్ఘాయువు ఇస్తానని. ఏది తీసినా అదే. రాజనర్సు ఒకటి తీశాడు, కూడబలుక్కుని చదివాడు, నవ్వాడు. దాన్ని మెతుకులతో గోడకు అంటించుకున్నాడు. ఆ రోజు ఆమె కడుపు చల్లబడింది.

ఇప్పుడదే మెడకు చుట్టుకుంది. డయాలసిస్ చేయించాల్సిందేనని పోయిన నెల దవాఖానలో చెప్పారు. రాజనర్సు గోడ మీది కార్డు చూపించాడు. "దేవుడే మాటిచ్చిండు. మళ్ల మిషన్ ఎందుకే?" అన్నాడు. వారం నుంచి కాళ్లు వాచాయి. ఈ పొద్దున నాలుగు మాటలు మాట్లాడేసరికి ఆయాసపడ్డాడు. ఆమె బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. నిజం చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

పదకొండింటికి కొత్త షీట్లు వచ్చాయి. పై షీటు నిండా ఆ దీర్ఘాయువు వాక్యమే. వీరమ్మ చెయ్యి పిడి మీద అలాగే ఉండిపోయింది.

"ఏమైంది వీరమ్మా?" అన్నాడు ప్రెస్సు యజమాని విద్యాసాగర్.

"ఇంటికి పోత సార్. ఆయనను దవాఖానకు తోల్కపోవాలె."

ఇరవై రెండేళ్లలో ఆమె పని మధ్యలో లేవడం అతను చూడలేదు. "పో అమ్మా, పో. ఇక్కడి ఫికర్ చెయ్యకు," అన్నాడు.

స్టేషన్ రోడ్డున జనం మధ్య కొంగు బిగించి నడిచింది. ఇన్నేళ్లకు ఆయన ఒక్క వాక్యాన్ని నమ్మాడు. అది అబద్ధమని చెబితే ఆ నమ్మకం చస్తుంది. చెప్పకపోతే మనిషే చస్తాడు. "ఏం చెయ్యను ప్రభువా," అని దారి పొడుగునా గొణుక్కుంది.

స్టేషన్ వెనకాల కిరాయి గది. రాజనర్సు గడప మీద కూర్చుని, గోడ పగులులో మొలిచిన బొప్పాయి మొక్కను చూస్తున్నాడు.

"పూత పట్టింది చూడు. పెట్టినోళ్లు లేరు, నీళ్లు పోసినోళ్లు లేరు," అన్నాడు.

వీరమ్మ అతని కాళ్ల దగ్గర కూలబడింది. "గా కార్డు దేవుడిచ్చింది కాదయ్యా. ఇరవైకి ఇరవై గవే పెట్టిన. దాన్ని నమ్మి పానం మీదికి తెచ్చుకోకు. నీ కాళ్లు మొక్కుత, దవాఖానకు పోదాం పా."

"నాకెరుకేనే."

ఆమె తలెత్తి చూసింది.

"ఆనాడే ఎరుక. నువ్వు చాయ్ పెట్ట పోయినవ్. మిగిలినయేందో చూద్దామని ఇంకోటి తీసిన. గదే. ఇంకోటి తీసిన. గదే. అన్నీ చూసి మళ్ల బోర్లేసిన."

"మరి నెల నుంచి దాన్ని జూపి నా పానమెందుకు తీస్తున్నవ్?"

రాజనర్సు తల దించుకున్నాడు. "సూదులంటే బయ్యమే. గన్ని మూటలు మోసినోడు సూదికి బయపడ్డడంటే నవ్వుతవని, కార్డు మీద ఏసిన." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నీ దేవుడెట్లుంటడో నాకు గిన్నేండ్లు సమజ్ కాలే. గా దినమైంది. వీడు బతకాలె, బతకాలె అని ఇరవై సార్లు కోరుకున్న మనిషి నా ఇంట్లనే ఉండె. ఆయన గూడ గిట్లనే ఉంటడనుకున్న."

వీరమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అతని భుజం మీద రెండు దెబ్బలు వేసింది.

"ఆటో పిలువుపో. నువ్వు చెయ్యి పట్టుకుంటే సూది ఏపిచ్చుకుంట," అన్నాడు.

పరుగులాంటి నడకతో సందు చివరికి పోయింది. ఆటో జితేందర్ టిఫిన్ తింటూ తింటూనే లేచి వచ్చాడు. అంతా కలిపి పది నిమిషాలు పట్టిందేమో.

రాజనర్సు మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా ఒక చేతికి ఎక్కించుకున్నాడు. రెండో చేయి ఒడిలో ఉంది.

"పా అయ్యా, ఆటో వచ్చింది," అంది వీరమ్మ. మళ్లీ అంది.

జితేందర్ వంగి అతని మణికట్టు పట్టుకుని చూశాడు. "అవ్వా..." అని ఆగిపోయాడు.

వీరమ్మ మంచం మీద అతని పక్కన కూర్చుంది. అతని రెండో చేతిని చొక్కాలోకి దూర్చి, గుండీలన్నీ పెట్టింది. ప్రార్థన చేద్దామంటే ఇన్నేళ్లు కోసిన వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. అప్పుడు అతని ఒళ్లో తలపెట్టి గుండె పగిలేలా ఏడ్చింది.

ఏడుపు విని పక్కింటి కిష్టవ్వ పరుగెత్తుకొచ్చింది. "పొద్దుగాల నేనే సీతాఫలమిస్తి బిడ్డా. మా వీరమ్మకు పానం దానిమీద అనుకుంట మీ ఆయన సగమే తిన్నడు," అని నెత్తి కొట్టుకుంది.

పొయ్యి పక్కన, చీమలెక్కకుండా వెడల్పు మూతలో నీళ్లు పోసి, దాని నడుమ పెట్టిన గిన్నెలో మిగతా సగం ఉంది.