జింకు మాత్రలు

వారానికి మూడుసార్లు నా రక్తం యంత్రంలోకి వెళ్లి శుభ్రపడి వస్తుంది. ఒంటి దురద మాత్రం నన్ను వదలదు. వెధవ దురద, ఎంత గోకినా చర్మం కింద ఎక్కడో కూర్చుని నవ్వుతుంది. మా ఆవిడ ముందు గదిలో జాకెట్లు కుడుతుంది, నేను వెనక గదిలో గోక్కుంటాను. ఇదీ మా కాపురం.

ఒకరోజు చెయ్యి అందక, ఆవిడ చెక్క స్కేలుతో వీపు గోక్కుంటూ ఒళ్లు మరచి ముందు గదిలోకి వచ్చేశాను. కొలతలివ్వడానికి వచ్చిన టీచరమ్మ నోరు వెళ్లబెట్టింది.

"ఎవరండీ ఆయన? చేతులనిండా ఆ పుళ్లేమిటి?"

"ఆయనా? వెనక గదిలో అద్దెకుంటారు లెండి," అంది మా ఆవిడ, తలెత్తకుండా.

నా తల కొట్టేసినట్టయింది. స్కేలు బల్ల మీద పెట్టి లోపలికి వచ్చేశాను. ఆ మాట తనూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

తర్వాత డయాలసిస్‌కి వెళ్లినప్పుడు ఆవిడే డాక్టరుతో నా దురద సంగతి చెప్పింది. రక్తపరీక్ష చూసి, "జింకు తక్కువగా ఉంది. మాత్రలు వాడి చూద్దాం. కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు," అన్నాడాయన.

"జింకా? అయ్యో, ఆ మూగజీవాన్ని చంపి చేస్తారా?" అంది మా ఆవిడ.

నర్సు పగలబడి నవ్వింది. "జింక కాదక్కా, జింకు! ఖనిజం."

అప్పట్నుంచి అన్నం తినగానే మాత్ర నా చేతిలో పెట్టేది. "వేసుకోండి, రేపటికి చెంగుచెంగున గెంతుతారు," అనేది. నాకు నవ్వొచ్చేది కాదు. అద్దెకున్నవాడికి ఇన్ని సేవలెందుకో అని లోలోపల ఉడికిపోయేవాణ్ణి.

మాత్ర మహిమో మరొకటో గానీ, దురద తగ్గుతూ వచ్చింది. పుళ్లు మానాయి. కంటినిండా నిద్ర పడుతోంది.

నిన్న టీచరమ్మ మళ్లీ వచ్చింది. "ఏవండీ, ఇలా వచ్చి కూర్చోండి. ఇక్కడ గాలి బాగుంది," అని పిలిచింది మా ఆవిడ.

ఇన్నాళ్లూ దిగమింగిన కోపం ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"నాకు దురద తగ్గింది. నీకు సిగ్గు తగ్గిందా?" అని లోపల్నుంచే అరిచాను.

కుట్టుమిషను ఆగిపోయింది.

"ఆయన మా ఆయనేనండీ," అంది మా ఆవిడ. "ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను."

"తెలుసమ్మా. అప్పుడే తెలిసింది," అంది టీచరమ్మ మెల్లగా.

మా ఆవిడ వెక్కివెక్కి ఏడుస్తోంది. లేచి వెళ్లి భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాను. పరాయి మనిషి ముందు ఆవిడ పరువు తీశాక, ఏ మొహం పెట్టుకుని వెళ్లను?