మేక కొరికిన పెకాన్ మొక్క

మా ఆయన వెల్డన్ పొద్దున లేవగానే కాఫీ కప్పు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి అక్రోటు లాంటి కాయలు కాసే మా పెకాన్ చెట్టును పలకరించి వస్తాడు. ఆకులెలా ఉన్నాయో, మొగ్గలెలా ఉన్నాయో కుశలమంతా కనుక్కుంటాడు. మొన్నామధ్య నాకు మూడు రోజులు గొంతు పోయింది. నాలుగో రోజున ఆయన, "ఈ మధ్య ఇల్లు ప్రశాంతంగా ఉంది" అన్నాడు.

ఈ కాపురం మొదలై పన్నెండేళ్ళయింది. అంటే చెట్టుతో. నాతో మొదలై ఇరవై తొమ్మిదేళ్ళు.

ఆ ఏడు ఫిబ్రవరిలో నది పక్కన తోట ఉన్న క్రేమర్ గారి దగ్గర ఆయన ఈ మొక్కను కొనుక్కొచ్చాడు. మామూలు పెకాన్ కాదు, కాగితప్పెంకు రకం. రెండు కాయలు గుప్పిట్లో పెట్టి నొక్కితే పగిలిపోవాలి. పైన నాలుగడుగుల పుల్ల, కింద మూడడుగుల వేరు, ముల్లంగికి తోక మొలిచినట్టు. వేరు ఎండిపోకూడదని రాత్రంతా మా స్నానాల తొట్టెలో పడుకోబెట్టాడు. నేనూ, మా అత్తగారూ వంటింటి సింకు దగ్గర మొహాలు కడుక్కున్నాం. మా అత్తగారిని ఇంటిల్లిపాదీ ఓమా అనే పిలుస్తాం. ఆవిడ కొడుకును ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఊసుపోక బట్టలు కుట్టే టేపు తెచ్చి ఆ తొట్టెలో మహారాణిని కొలిచాను. తల నుంచి తోక దాకా ఏడడుగులు.

వేరు వంగకుండా దిగాలని గుండెల్లోతు గొయ్యి తవ్వాడు. మా పెరట్లో జానెడు మట్టి, ఆ కింద సున్నపురాయి. గడ్డపార రెండు రోజులు మోగింది. గోతికి అడ్డమని నేను బట్టలారేసుకునే తీగ స్తంభాలు పీకేశాడు.

నాటిన వెంటనే మొక్కను సగానికి కోసేయమని క్రేమర్ గారు చెప్పి పంపారు. తవ్వితీసేటప్పుడు వేరు సగం తెగుతుంది కదా, పైనున్నదంతా ఆ మిగిలిన వేరు మోయలేదట. మా ఆయన వినలేదు.

"బతికున్నదాన్ని సగానికి నరకమంటాడేంటి? ఆయనకి మతి పోయింది."

"మొక్కలమ్మేది ఆయన, నువ్వు కాదు" అన్నాను.

"పెంచేది నేను."

ఏప్రిల్ వచ్చింది. ఊళ్ళో చెట్లన్నీ చిగిర్చాయి. మాది పుల్లలాగే నిలబడి ఉంది. ఆయన దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, తిండి కూడా సరిగా తినడం మానేశాడు. చదువుకున్నదాన్ని, ఇది చూస్తూ ఊరుకోలేకపోయాను. ఆయన ఊళ్ళోకి వెళ్ళిన ఒక మధ్యాహ్నం టేపూ, కొమ్మలు కోసే పెద్ద కత్తెరా పట్టుకుని వెళ్ళాను. ఏడడుగుల్లో సగం మూడున్నర. పైనుంచి కొలిచి కోసేశాను. నేల మీద అరడుగు మొండి మిగిలింది. కాస్త పొట్టిగా అనిపించింది కానీ, లెక్క లెక్కే.

"ఎవరు చేశారిది?" అన్నాడు సాయంత్రం.

"పక్కింటి హాఫ్‌మన్ వాళ్ళ మేక దూరినట్టుంది."

"మేక ఇంత నున్నగా కొరుకుతుందా?"

"పళ్ళు బాగున్న మేకేమో."

ఓమా వరండాలో బఠాణీలు ఒలుస్తోంది. తలెత్తకుండా, "మంచి మేకే. కొలిచి మరీ కొరికింది" అంది.

కోసిన పుల్లను పారేస్తే దొరికిపోతాను. పైకెత్తి తెరిచే సామాన్ల గది కిటికీకి తాడు తెగి తలుపు కిందకి జారిపోతుంటే, ఆ పుల్లను కింద ఆనించాను. సరిగ్గా సరిపోయింది. ఒక చివర తెల్ల రంగు పట్టీ ఏదో ఉంది, చూడ్డానికి బాగానే ఉందనుకున్నాను.

నెల తిరిగేసరికి ఆ మొండి నుంచి నిగనిగలాడే చిగురు లేచింది. వెల్డన్ కళ్ళలో నీళ్ళు. బతికించింది ఎవరో నాకు తెలుసు. ఆ తర్వాత పడ్డ పాట్లన్నీ ఆ గర్వంతోనే భరించాను.

పాట్లంటే ఒకటా. మేక కోసం నాలుగు వరసల ముళ్ళకంచె. ఆకులు ముడుచుకుంటున్నాయని జింకు నీళ్ళు చల్లితే నా దుప్పట్ల మీద తెల్లమచ్చలు. బట్టల తీగను మూడుసార్లు మార్చాను. ఎక్కడికి మార్చినా రెండేళ్ళలో చెట్టు అక్కడికి కొమ్మ చాచేది. వేసవిలో ఆకు పురుగులు కార్చే జిగురు పడి ఆరేసిన దిండు గలీబులు చెంపకు అంటుకునేవి. టమాటా మడి నీడలో పడి మూడు కాయలతో సరిపెట్టింది. "టమాటాలు కొట్లో దొరుకుతాయి" అనేవాడు. పెకాన్లు కూడా దొరుకుతాయని నేనంటే ఆ పూట పళ్ళెం పట్టుకుని చెట్టు కిందకి వెళ్ళి తినేవాడు. "నా చేతుల్తో ప్రాణం పోశాను దీనికి" అని చుట్టాలకు చెప్పినప్పుడల్లా నేను ఇంకో గరిటె బంగాళాదుంపలు వడ్డించి నవ్వుకునేదాన్ని.

ఈ ఏడు మొదటిసారి బాగా కాసింది. జిల్లా పెకాన్ల పోటీకి నలభై కాయలు ఏరి, పాత మేజోడుతో ఒక్కొక్కటీ తుడిచి పెట్టాడు. రెండు గుప్పిట్లో పెట్టి నొక్కాడు. మొహం ఎర్రబడింది కానీ కాయ పగల్లేదు.

"ఇంకా ఆరలేదు" అన్నాడు.

"పటకారు తెచ్చివ్వనా?"

"అక్కర్లేదు."

పోటీలో న్యాయనిర్ణేత ఒక కాయ తూచి, పగలగొట్టి, గింజ చూసి, మా సంచీని పక్క బల్ల మీదకు జరిపాడు. అడవి పెకాన్ల బల్ల అది. ఊరంతా అక్కడే ఉంది. వెల్డన్ అందరికీ వినబడేలా, "క్రేమర్ నాకు అడవి మొక్క అంటగట్టాడు" అన్నాడు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యేసరికి ఆ మాట ఊరు చుట్టి వచ్చింది.

సోమవారం పొద్దున క్రేమర్ గారే వచ్చారు. ఎనభై దాటిన మనిషి. టోపీ చేతిలో పట్టుకుని మెట్ల దగ్గరే ఆగారు.

"నలభై ఏళ్ళుగా మొక్కలమ్ముతున్నాను, వెల్డన్. నిన్న ఇద్దరొచ్చి తమ చెట్లు కూడా అడవివేనా అని అడిగారు. చెట్టు చూపించు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మొదలంతా తడిమారు.

"అంటు లేదే. అడవి వేరు మీద మంచి రకం కొమ్మ అంటు కడతాం. కట్టిన చోట తెల్ల పట్టీ వేస్తాను, నేలకి ఎనిమిది అంగుళాల ఎత్తున. నువ్వు ఎంత కోశావు?"

"నేను కొయ్యలేదు. మేక కొరికింది."

"ఎంత మిగిల్చింది?"

"ఆరంగుళాలు."

క్రేమర్ గారు నెమ్మదిగా లేచారు. "అయితే అంటు కింద కొరికింది. నీ మంచి రకం ఆ రోజే పోయింది. ఇన్నేళ్ళూ వేరునే పెంచావు."

నాకు తొట్టె దగ్గర టేపు గుర్తొచ్చింది. ఏడడుగులు. తోకతో సహా.

"బాగుంది" అన్నాడు వెల్డన్. "మేక మీదకి నెట్టెయ్యండి. ఆ మేక కొరికిన ముక్క ఎక్కడా దొరకలేదు. పట్టీ ఉందని మీరంటున్నారు, చూసిందెవరు?"

క్రేమర్ గారు టోపీ అంచు చేతుల్లో తిప్పుతూ నేలకేసి చూశారు. మేక ఎప్పుడో చచ్చిపోయింది. నేను నోరు మూసుకుంటే నా పేరు ఎత్తేవాళ్ళు లేరు. క్రేమర్ గారి మాటకు మాత్రం ఈ ఊళ్ళో ఇక విలువుండదు.

వరండాలోంచి ఓమా, "వెర్లీన్, సామాన్ల గది కిటికీ గాలికి కొట్టుకుంటున్నట్టుంది. చూసి రామ్మా" అంది. గాలి అసలు లేదు.

లోపలికి వెళ్ళి పుల్ల లాగాను. కిటికీ ధడాలున పడింది. పుల్ల తెచ్చి క్రేమర్ గారి చేతిలో పెట్టాను. ఎండి తేలికైపోయింది. తెల్ల పట్టీ మాత్రం చెక్కుచెదరలేదు, తెగిన చివరకు రెండంగుళాల పైన. ఆయన దాని మీది దుమ్ము బొటనవేలితో తుడిచారు.

వెల్డన్ పుల్లనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ఇది నీ దగ్గరెలా ఉంది? మేక..."

"మేక కాదు, వెల్డన్. కత్తెర నాది, లెక్కా నాదే. వేరును కూడా కలిపి కొలిచి సగం కోశాను. క్రేమర్ గారు మంచి మొక్కే ఇచ్చారు. ఆ మాట పోటీలో అదే బల్ల దగ్గర నిలబడి నేనే చెప్తాను. తప్పు నాది."