మూసేసిన లాండ్రీ

మా పిన్ని లాండ్రీ నడుస్తోందని ఫోన్‌కి తప్ప అందరికీ తెలుసు. ఈ రోజుల్లో ఫోన్‌కి తెలియకపోతే ఎవరికీ తెలియనట్టే.

వెతికితే చాలు, మా కొట్టు పేరు పక్కన "శాశ్వతంగా మూసేశారు" అని ఎర్రటి అక్షరాలు. పాతవాళ్ళు వస్తున్నారు. కొత్తవాళ్ళు మా గుమ్మం ముందు నుంచే ఫోన్ చూసుకుంటూ పక్క వీధి లాండ్రీకి పోతున్నారు. లోపలి ఆవిరి వీధిలోకి కొడుతున్నా తలెత్తి చూసినవాడు లేడు.

నాకు ఒళ్ళు మండేది ఎందుకంటే, ఫోన్‌లో దారులూ కొట్లూ చూపించే ఆ కంపెనీ పుట్టిందే మా మేడమీద గదిలో. కింద బాయిలర్ వేడికి పైన నేల వెచ్చగా ఉంటుందని కుర్రాళ్ళు అద్దెకు దిగారు. వాళ్ళలో పెద్దవాడు నిద్రపోయేవాడు కాదు, అందుకే పిన్ని వాణ్ణి గుడ్లగూబ అనేది. ఇప్పుడు వాడిది అద్దాల మేడ. దేశదేశాల జనం వాడి కంపెనీని అడక్కుండా గడప దాటరు. టీవీలో వాడు కనిపిస్తే పిన్ని మురిసిపోయేది, నేను పళ్ళు నూరేదాన్ని.

సరిచేయమని ఎన్నిసార్లు రాసినా "మీ సూచనకు ధన్యవాదాలు" అని మెషీన్ జవాబే. వాడికే ఫోన్ చేస్తానంటే పిన్ని ఒప్పుకోదు.

"అంత పనిలో ఉన్నవాణ్ణి దీనికోసం విసిగిస్తామా? వద్దులే. నెలాఖరుకి నిజంగానే మూసేద్దామే, నావల్ల కావట్లేదు" అంది చివరికి. నాకు ఏడుపొచ్చింది.

ఎంత పెద్ద సభైనా గుడ్లగూబ ఒక పాత నల్లకోటే వేసుకుంటాడు. దాన్ని పిన్నే ఇస్త్రీ చెయ్యాలి. ఎప్పుడూ డ్రైవరే తెచ్చి, తీసుకెళ్తాడు. ఈసారి కోటు ఇచ్చి వెళ్ళిన డ్రైవర్ సెలవు పెట్టాడు. బదులుగా తీసుకెళ్ళాల్సిన కొత్త సెక్రటరీ ఫోన్‌లో చూసి, కొట్టు మూసేశారని వాడికి చెప్పేసిందట.

సభ రోజు మా ముందు కారాగింది. నలిగిన టీషర్టుతో గుడ్లగూబ పరిగెత్తుకొచ్చాడు. మొహాన నెత్తురుచుక్క లేదు.

"పిన్నీ! మూసేశారట, ఒంట్లో బాగాలేదా?"

పిన్ని నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "మూసేసిన కొట్లో కోటెలా దొరుకుతుంది సార్? మీ కంపెనీ అబద్ధం చెప్తుందా?" అని ఫోన్ వాడి ముక్కు కింద పెట్టాను.

చూసి, బట్టల మూట మీద కూలబడ్డాడు. మొదట్లో తమ ప్రోగ్రామ్ పనిచేస్తోందో లేదో చూడ్డానికి కింద కొట్టునే ఫోన్‌లో మూసి, తెరిచి పరీక్షించేవారట. కంపెనీ అంత ఎదిగినా ఆ పరీక్షని ఎవరూ తీసెయ్యలేదు. ఏ మార్పు చేసినా ముందు మమ్మల్నే మూస్తోంది. ఈమధ్య తెరవడం మర్చిపోయింది.

"ఇది రాసింది నేనే పిన్నీ."

"అయితే నువ్వే తియ్యి" అంది పిన్ని, ఇస్త్రీ బల్ల మీద చోటు చేస్తూ.

కారులోంచి ల్యాప్‌టాప్ తెప్పించుకుని అక్కడే కూర్చున్నాడు. సభవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. "ఆగమను" అన్నాడు కారు తెచ్చినవాడితో. ఈలోగా పిన్ని కోటు కాలరు ఇంకోసారి నొక్కింది.

సాయంత్రం టీవీలో చూశాం. నిండు సభలో, ఏదడిగినా జవాబు చెప్పే తమ కొత్త యంత్రాన్ని వాడు అడిగిన మొదటి ప్రశ్న, మంచి లాండ్రీ ఎక్కడుందని. గోడంత తెర మీద మా కొట్టు పేరు, పక్కన "తెరిచే ఉంది". జనం లేచి చప్పట్లు. నేనూ కొట్టాను, సిగ్గు లేకుండా.

అంతలో తలుపు గంట మోగింది. ఎవరో కొత్తావిడ, చేతినిండా బట్టలు.

పిన్ని కళ్ళు తుడుచుకుంది. "రండమ్మా, తెరిచే ఉన్నాం!" అంది, పక్క వీధి లాండ్రీకి కూడా వినబడేంత గట్టిగా.